స్టీలు గిన్నె నీలంగా ఉంది

నమోదు 211

ఈవేళ పెళ్ళి ఫోటో ఒకటి, టమాటా ఆకుల ఫోటోలు కొన్ని.

పెళ్ళికూతురు కట్టింది ఆకుపచ్చ చీర. ఫోటో చూసుకున్నాక ఆ రంగు తనకి నప్పలేదని తోచిందట, మామిడిపండు రంగులోకి మార్చిపెట్టమని ఆడపడుచుని పంపింది. ఆ పిల్ల నా పక్కనే కూర్చుని ఇంకాస్త ముదురు, ఇంకాస్త లేత అంటూ నా ప్రాణం తీసింది. చీర వరకే ఎంచుకుని, చేతివేళ్ళకీ జడకీ రంగు అంటకుండా చుట్టూ గీత గీసుకుని, రంగు చక్రం తిప్పడమే పని. నిజంగా చీర మార్చుకోవాలంటే అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది. పెళ్ళికొడుకుని అడిగితే అసలు ఏ చీర కట్టుకుందో గుర్తు లేదన్నాడట. వీళ్ళ కాపురం చల్లగా సాగుతుంది.

టమాటా ఆకుల దగ్గర ఇలాంటి వేషాలు కుదరవు. ఆ ఫోటోలు పెద్దలంకలో ఉన్న పంటల ఆఫీసరు చూసి, తెగులు ఉందో లేదో చెప్పాలి. ఉన్న రంగు ఉన్నట్టు వెళ్ళాలి.

ఉన్న రంగు ఉన్నట్టు పంపడమే ఇక్కడ అన్నిటికంటే కష్టం. మా ఎర్రలంక నేల కింద ఊరు. పైన అంగారకుడి దుమ్ము, కింద మేము. ఉన్న కరెంటులో నీలం దీపాలూ ఎర్ర దీపాలూ పంటల హాలుకి పోతాయి, మనుషులకి పసుపు దీపాలు మిగులుతాయి. పంట బతికితేనే మనం బతుకుతాం కనుక ఈ పంపకం మీద ఎవరికీ పేచీ లేదు. కాకపోతే ఆ దీపాల కింద తెలుపూ పసుపూ ఒక్కలాగే కనిపిస్తాయి. గ్లాసులో ఉన్నవి పాలో పప్పుకట్టో తాగితేగాని తెలియదు.

అందుకే ప్రతి ఇంటికీ నేనొక తెల్లగుడ్డ ఇచ్చాను. ఫోటో తీసేటప్పుడు దాన్ని పక్కన పెడతారు. నేను కంప్యూటర్లో ఆ గుడ్డ మీద నొక్కి, ఇదీ తెలుపు అని చూపిస్తే, దాన్ని బట్టి మిగతా రంగులన్నిటినీ అది సర్దేస్తుంది. ఊరు మొత్తానికి తెల్లదీపం ఒక్కటే ఉంది. అది నా గదిలో ఉంటుంది, అచ్చు వేసిన ఫోటోలు సరిచూసుకోవడానికి.

ఏ ఫోటోలో ఏ రంగు మార్చినా ఇక్కడ నమోదు చేయాలని రూలు. చదివేవాళ్ళు ఎవరూ లేరు కనుక నాకు తోచింది కూడా రాస్తుంటాను.

నమోదు 212

హైమకి ఆడపిల్ల పుట్టింది.

హైమ నా చేతుల్లో పెరిగిన పిల్ల అనుకోవచ్చు. చిన్నప్పుడు నా గదిలోకి దూరి, రంగు చక్రం గిరగిరా తిప్పి, వాళ్ళ అమ్మ ముఖాన్ని వంకాయ రంగులోకి మార్చి పకపకా నవ్వేది. ఇప్పుడు పంటల హాల్లో నారు పోసే పని చేస్తోంది. ఆ హాలు తలుపును ఆనుకునే వాళ్ళ గది. మొగుడు సూరిబాబు పెద్దలంకకి బండి తోలతాడు. దుమ్ము లేచి బండ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. డాక్టరు నసీమాగారు ఉండేదీ అక్కడే, రక్తం పరీక్ష చేసే పెట్టె ఉన్నదీ అక్కడే. ఈ దుమ్ములో వీడియో అందదు. ముక్కుతూ మూలుగుతూ ఒక్కో ఫోటో మాత్రం వెళ్తుంది. కాబట్టి డాక్టరు చూసేదీ ఫోటోయే, తండ్రి చూసేదీ ఫోటోయే.

పురుడు వెళ్ళేదాకా పిల్ల గడప దాటకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. అందుకని హైమ తల్లి వరహాలమ్మ పిన్నిగారే ఫోటో తీసి పంపారు. పాప కళ్ళు మూసుకుని పడుకుంది. పక్కన మడతపెట్టిన గుడ్డ, వెనకాల స్టీలు గిన్నె, ఆ వెనక బూడిదరంగు గోడ. ఫోటోతో పాటు పిన్నిగారి కబుర్లు కూడా వచ్చాయి. హైమ దగ్గితే చాలు పాప ఉలిక్కిపడుతోందట. హైమ పిలిస్తే మెడ అటే తిప్పుతోందట. మనవరాలు కలెక్టరవుతుందని ఆవిడ అప్పుడే తేల్చేశారు.

గుడ్డ మీద నొక్కాను. పాప లేత గులాబీ రంగులోకి తేటగా తేలింది. ఇన్నేళ్ళలో ఇంత చక్కగా వచ్చిన పురిటిబిడ్డ ఫోటో నాకు గుర్తు లేదు. గిన్నె మాత్రం నీలంగా వచ్చింది, వెనక గోడ కూడా కాస్త నీలంగా ఉంది. హాలు తలుపు సందులోంచి పంటల దీపం వెలుగు పడి ఉంటుందనుకున్నాను. గిన్నెను ఎంచుకుని నీలం తగ్గించాను. గోడకీ అదే చేశాను. పిల్లని ఇంకా కళ్ళారా చూడని తండ్రి చూసుకునే ఫోటో, అందులో నీలం గిన్నె ఎందుకని.

ఈ సర్దుబాటుని హైమ పాప పేరుతో దాచిపెట్టాను. ఇకమీద వచ్చే ఫోటోలకి ఒక్క నొక్కుతో అదే పడుతుంది. పసిపిల్ల ఫోటో రోజూ ఒకే రంగులో ఉండాలి, ఒక రోజు ఎర్రగా ఒక రోజు నల్లగా వెళ్తే డాక్టరుకి తికమక.

నసీమాగారు రంగు బాగుందని జవాబిచ్చారు. సూరిబాబు పాపకి తన పోలిక ముక్కులో తప్ప ఎక్కడా రాలేదని బాధపడ్డాడు.

నమోదు 213

హైమ పాప రెండో ఫోటో వచ్చింది. దాచిన సర్దుబాటే వేశాను. చక్కగా ఉంది.

పిన్నిగారు నడవాలో కనిపించి, దూరంగా నిలబడే గొప్పలు చెప్పుకున్నారు. మా వంశంలో ఇంత నెమ్మదైన పిల్ల పుట్టలేదన్నారు. ఆకలేసినా ఏడవదట, ఎప్పుడు చూసినా నిద్రేనట. హైమ పుట్టినప్పుడు ఊరందరికీ నిద్ర లేకుండా చేసిందని, దానికి ఇది ప్రాయశ్చిత్తమని నవ్వారు. నేనూ నవ్వాను. నా నిద్ర కూడా పోగొట్టిన పిల్లే మరి.

టమాటా ఆకులకి తెగులు లేదట. సంతోషం.

నమోదు 214

హైమ కబురు పంపింది. పాప పాలు సరిగ్గా పట్టడం లేదు, అరికాలు గిల్లి లేపినా రెండు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూస్తోంది. పిన్నిగారికి ఇంకా గొప్పగానే ఉంది. హైమకి మాత్రం భయంగా ఉంది.

ఇంకో ఫోటో తీయించి పంపాను. పాప ముఖం ఎప్పటిలాగే లేత గులాబీ రంగులో ఉంది. కాసేపటికి నసీమాగారు నా పేరు మీదే రాశారు. పాప మత్తుగా ఉందంటే కామెర్లేమోనని అనుమానంగా ఉందనీ, ఫోటో చూస్తే ఆ జాడ లేదనీ, ఆ రంగు నిజమేనా అనీ అడిగారు.

గుడ్డని చూసే సర్దానండీ అని జవాబిచ్చాను.

నిజం చెప్పాలంటే నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ఈ పనిలో జుట్టు నెరిసింది నాకు. ఆవిడ నన్ను నమ్మారు. చలి తగలకుండా బాగా చుట్టి ఉంచమనీ, మాటిమాటికీ పాలు పట్టమనీ చెప్పారు. ఆ మాట నేనే హైమకి చేరవేశాను. పిల్లకి రంగు బాగుందటమ్మా, డాక్టరుగారు భయం లేదన్నారు అని. అది ఊపిరి పీల్చుకోవడం తలుపు ఇవతలికి కూడా వినిపించింది.

నమోదు 215

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పిన్నిగారు ఉదయం నా గదికి వచ్చారు. పాప ఫోటో కాగితం మీద అచ్చు వేసివ్వమని అడిగారు, ఊయలకి కడతారట. గుమ్మంలోనే నిలబడి, ఇచ్చిన తెల్లగుడ్డ తిరిగి తీసుకోమని చెయ్యి చాపారు. ఇన్నాళ్ళూ పాప పక్కన పెట్టింది ఇదేనట, హైమ వాళ్ళ వంతు గుడ్డ ఇంకోటి ఉంది కనుక ఇక అక్కర్లేదట. నేను తెల్లదీపం వెలిగించి అచ్చు సరిచూసుకుంటున్నాను. ఆవిడ చెయ్యి ఆ వెలుగులోకి వచ్చింది. గుడ్డ పసుపుపచ్చగా ఉంది. మరక కాదు, మొత్తం ముంచి తీసినట్టు, చేమంతిపువ్వు రంగులో ఉంది.

ఇదేమిటి పిన్నిగారూ అని అడిగాను.

"పురిటిబిడ్డ పక్కన ఒట్టి తెల్లగుడ్డ పెడతారేంటే తాయారూ, అశుభం కాదూ? గిన్నెలో పసుపు కలిపి ముంచాను. ఆరాక చూస్తే నువ్విచ్చినట్టే ఉంది, రవ్వంత తేడా లేదు."

ఆ దీపాల కింద తేడా ఉండదు. ఆవిడకే కాదు, నాకైనా తెలియదు.

పసుపు గుడ్డని నేను తెలుపు అన్నాను. కంప్యూటరు నా మాట నమ్మి, ఫోటోలో ఎక్కడెక్కడ పసుపు ఉందో అక్కడల్లా తీసేసింది. పాప ఒంట్లో ఉన్నది కూడా తీసేసింది. ఒక్క రోజు కాదు, ఫోటో పంపిన ప్రతిసారీ తీసేసింది.

తెల్లదీపాన్ని బ్యాటరీతో సహా ఊడబీకి పరిగెత్తాను. పురుడూ గడపా చూడలేదు. పిన్నిగారు వెనక నుంచి ఏదో అంటూనే ఉన్నారు. హైమ ఒళ్ళో ఉన్న పాప మీద దీపం పెట్టాను. ముఖం, పొట్ట, అరికాళ్ళు, అన్నీ ఆ గుడ్డ రంగులోనే ఉన్నాయి. రెప్ప తీసి చూస్తే కనుగుడ్డు కూడా అంతే. పాప కీచుగా ఏడ్చి వెనక్కి విరుచుకుంది. అంత చిన్న ఒళ్ళు అలా వంగడం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లదీపం కింద ఫోటో తీసి, ఏ రంగూ ముట్టుకోకుండా పంపాను. నసీమాగారి జవాబు వచ్చింది. వెంటనే బట్టలు విప్పి, కళ్ళకి గంతలు కట్టి, నీలం దీపాల కింద పడుకోబెట్టమన్నారు. పసిపిల్లల కామెర్లకి మందు నీలం వెలుగేనట. ఈ దుమ్ములో అంతకు మించి తాను చేయగలిగింది లేదన్నారు.

నీలం వెలుగు. గోడకి అవతల హాలు నిండా ఉంది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ గోంగూర నారు దాని కింద ఏపుగా పెరుగుతోంది. పిల్లని మేము ఇవతల గుడ్డల్లో చుట్టి ఉంచాం.

నమోదు 216

పాప పంటల హాల్లోనే ఉంది. గోంగూర మడిలో నారు పక్కకి జరిపి, అక్కడ తువ్వాలు పరిచి పడుకోబెట్టారు. హైమ మట్టిలోనే కూర్చుని గంటగంటకీ పాలు పడుతోంది. మడి పాడైనందుకు కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు. నీటి పంపు దగ్గర పనిచేసే ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి పాపని పక్కకి తిప్పి పెడుతున్నారు.

రోజుకి రెండుసార్లు తెల్లదీపం పట్టుకుని వెళ్ళి ఫోటో తీస్తున్నాను. పసుపు దిగుతోంది. ముందు కాళ్ళు, తర్వాత పొట్ట, తర్వాత ముఖం. పాలు గట్టిగా పీలుస్తోంది. పిన్నిగారు అన్నవరం వైపు తిరిగి దణ్ణం పెట్టాలనుకున్నారు, ఇక్కడి నుంచి అన్నవరం ఏ వైపో తెలియక పైకి చూసి పెట్టారు. ఎవరో నవ్వితే ఆవిడా నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. ఆ మొదటి ఫోటో మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తున్నాను. స్టీలుకి సొంత రంగంటూ ఉండదు, పడిన వెలుగే చూపిస్తుంది. గుడ్డ నిజంగా తెల్లదైతే గిన్నె బూడిదరంగులో రావాలి. నీలంగా వచ్చిందంటే నేను లెక్క తప్పానని అర్థం. ఈ పని నేర్చుకున్న కొత్తలో ఎవరైనా ముందు నేర్చుకునేది అదే. తలుపు సందు వెలుగైతే ఒక పక్కనే పడేది. గిన్నె అంతా నీలంగా ఉంది, గోడంతా నీలంగా ఉంది. ఆ ఒక్క నిజాన్ని నేను చేత్తో తుడిచేశాను, ఫోటో అందంగా ఉండాలని.

పిన్నిగారి గుడ్డది తెలియక జరిగిన పొరపాటు. గిన్నెది అలా కాదు.

నమోదు 217

దుమ్ము కొంచెం తగ్గింది, సూరిబాబు వచ్చాడు. ఈవేళ బారసాల. పాపకి ఇందుమతి అని పేరు పెట్టారు, సూరిబాబు నాయనమ్మ పేరు.

ఫోటోలు తీయమని నన్ను పిలిచారు. వెళ్ళకుండా ఉండే ధైర్యం లేక వెళ్ళాను. సూరిబాబు పళ్ళెంలో బియ్యం మీద పేరు రాశాడు. తర్వాత పాప చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పేరు చెప్పాడు. పాప దీపం వైపు చూస్తూ ఉంది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. సందట్లో ఎవరి మోచెయ్యో తగిలి, ఆ స్టీలు గిన్నె కిందపడింది. ఖంగుమన్న మోతకి గదిలో ఉన్నవాళ్ళమంతా ఉలిక్కిపడ్డాం. ఊయల్లో పాప రెప్ప కూడా ఆర్పలేదు.

ఎవరూ గమనించలేదనుకున్నాను. హైమ వంక చూస్తే అది నా వంకే చూస్తోంది. పాట అయ్యేవరకూ ఇద్దరం అలాగే ఉన్నాం.

నమోదు 218

గిన్నె మోత సంగతి కబురు పంపితే నసీమాగారు తర్వాతి బండిలోనే వచ్చారు. పాప చెవులకి తీగలు తగిలించి చాలాసేపు పరీక్ష చేశారు. చూపు బాగుంది, చేతులూ కాళ్ళూ బాగున్నాయి. వినికిడి పోయింది. కామెర్లు ముదిరితే ముందు దెబ్బ తినేది అదేనట. ఇంకా రెండు రోజులు ఆలస్యమై ఉంటే ప్రాణం పోయేదన్నారు. అది ఓదార్పు కోసం చెప్పారని తెలుసు. రెండు రోజులు ముందు పట్టుకుని ఉంటే అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఫోటోని నమ్మి తను కూడా తప్పు చేశానని మాత్రం వెళ్తూ వెళ్తూ అన్నారు.

పిన్నిగారు నా గదికి వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"నా పసుపేనా తాయారూ చేసింది?" అని అడిగారు.

కాదన్నాను. మొదటి ఫోటో తెరిచి, నేను తుడిచేసిన నీలాన్ని గిన్నె మీదకి మళ్ళీ తెప్పించి చూపించాను. మీరు గుడ్డ ముంచినా ఈ గిన్నె నాకు విషయం చెప్పేసింది పిన్నిగారూ, నేనే వినిపించుకోలేదు అన్నాను. ఆవిడకి ఎంతవరకు అర్థమైందో తెలియదు. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, గుడ్డ మాత్రం నేనే ముంచాను కదా అని లేచి వెళ్ళిపోయారు. నా మాట ఆవిడ బరువు ఏమీ తగ్గించలేదు. నా బరువూ తగ్గలేదు.

తర్వాత హైమ దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను. గిన్నె సంగతి, డాక్టరు అడిగితే నేనిచ్చిన జవాబు సంగతి, అప్పుడు నాకు వచ్చిన కోపం సంగతి. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అది పాపకి పాలు పడుతూ అంతా విని, పాప నిద్రపోయిందక్కా, తర్వాత మాట్లాడదాం అంది. గొంతు తగ్గించి అంది. పాపకి మెలకువ వస్తుందేమోనని అంత మెల్లగా మాట్లాడింది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నేను బయటికి వచ్చేశాను.

నమోదు 219

మూడు నెలలు ఆగి పని మళ్ళీ మొదలుపెట్టాను. తెల్లగుడ్డలన్నీ ఇళ్ళ నుంచి తెప్పించి, తెల్లదీపం కింద ఒక్కొక్కటీ చూసి, వాటితో పాటు తలా ఒక స్టీలు గరిటె కూడా ఇచ్చాను. ఫోటోలో రెండూ ఉండాలని చెప్పాను. గరిటె ఎందుకని అడిగినవాళ్ళకి కారణం కూడా చెప్పాను. ఊళ్ళో అందరికీ తెలుసు. చీర రంగులు మార్చిపెట్టమని ఎవరూ రావడం లేదు, వచ్చినా చేయలేను.

ఈవేళ హైమ వచ్చింది, పాపని ఎత్తుకుని. పాప నా తెల్లదీపాన్ని చూసి చేతులు చాపింది. రంగులంటే దీనికి భలే ఇష్టమని హైమ చెప్పింది. నారు మడిలో ఎర్రదీపం నుంచి నీలం దీపం వైపు తిప్పితే కాళ్ళు ఆడిస్తుందట. అచ్చం నీలాగే అన్నాను. ఆ మాటకి కొంచెం నవ్వింది.

తర్వాత మొదటి ఫోటో కావాలంది, పుట్టిన రోజుది, కాగితం మీద.

ఆ గులాబీ రంగు ముఖాన్ని ఊయలకి కట్టి రోజూ చూసుకుంటుందా అనుకున్నాను. అడిగితే ఇవ్వక తప్పదు, అడగడానికి దానికి హక్కుంది. ఏ రంగులో కావాలని అడిగాను.

"ఉన్న రంగులో ఇయ్యక్కా."

నేను సర్దినవన్నీ తీసేశాను. అసలు ఫోటో తెరిచి, ఈసారి గిన్నె మీద నొక్కి, ఇదీ రంగులేనిది అని చూపించాను. గిన్నె గిన్నెలాగే వచ్చింది. గోడ గోడలాగే వచ్చింది. గుడ్డ చేమంతి రంగులో వచ్చింది, దాని పక్కన పాప ఇంచుమించు అదే రంగులో వచ్చింది. అచ్చు వేసి తెల్లదీపం కింద పెట్టాను. నా కళ్ళు మసకబారి సరిచూడలేకపోయాను. ఇది చూసుకోవడం నీకు కష్టం కాదా హైమా అన్నాను.

హైమ ఫోటో మీదకి వంగి చాలాసేపు చూసింది. పాప దాని మెళ్ళో పుస్తెలతాడు పట్టుకుని ఆడుకుంటోంది.

"పసుపుగా ఉంటే ఉండనీ," అంది. "ఆ రోజు నేను పిలిస్తే తిరిగి చూసింది."

బ్యాటరీ అయిపోవచ్చి దీపం తగ్గుతోంది. రెండు చేతులతో ఎత్తి ఫోటోకి దగ్గరగా పట్టుకున్నాను. హైమ చూసుకున్నంత సేపూ అలాగే పట్టుకుని నిలబడ్డాను.